ఎడమ పక్క గుంట

మా పేటలో ఏడాదికి ఒక్కసారే
పాత సామాను వీధిన పెట్టుకోనిస్తారు.
ఆ రాత్రి బుడాపెస్ట్
తన జేబులన్నీ బయటికి తిప్పుకుంటుంది.
కాలిరిగిన కుర్చీలు, అద్దం ఊడిన బీరువాలు,
ఎవరిదో పసిబిడ్డ తొట్టి, దాని నిండా తుప్పు తాళాలు.

నగరపాలిక లారీ మంగళవారం తెల్లవారుజామున.
కొత్త సోఫా, బల్ల, కుర్చీలు బుధవారం.
మధ్యలో రెండు రాత్రులే కదా, అన్నాడు వెండెల్.

మాది ఒకే గది.
పగలు సోఫా అయినదే రాత్రికి మంచం.
మూడంతస్తులు దించాం దాన్ని.
రెండో మలుపులో ఇరుక్కుంది.
పంతొమ్మిదేళ్ళ కిందట ఎక్కేటప్పుడు గోడకి గీసిన గీతనే
దిగేటప్పుడు ఇంకొంచెం లోతు చేసింది.
కింది వాటా ఎటెల్కా తలుపు సందులోంచి చూసి
"వెళ్ళిపోతున్నారా?" అంది.
"మేం కాదు, ఇదే" అన్నాను రొప్పుతూ.

సాయంత్రం ఆరింటికి ఫోన్.
ఎంతో మర్యాదగల గొంతు.
గుడ్డ అయిపోయిందట ఫ్యాక్టరీలో,
మూడు వారాలు.

కొత్త నీరొచ్చి పాత నీటిని కొట్టుకుపోతుందంటారు.
మా ఇంట్లో పాత నీరే తొందరపడింది.

వెండెల్ టేపు తీసి గది మళ్ళీ కొలిచాడు,
కొలిస్తే ఏదైనా వస్తుందన్నట్టు.
చెక్క నేల మీద నాలుగు నొక్కులు.
దగ్గితే గది తిరిగి దగ్గుతోంది.

చీకటి పడ్డాక చెప్పులేసుకుని దిగాను,
మనదే కదా, తెచ్చేసుకుందామని.
అప్పటికే దాని మీద ఒక మనిషి.
ఉన్ని టోపీ, నుదుటి మీద దీపం,
ఒళ్ళో పొద్దుతిరుగుడు గింజల పొట్లం.
కుప్ప పక్కన ముందు కూర్చున్నవాడిదే కుప్ప.
ఎక్కడా రాసిలేదు గానీ, అందరికీ తెలిసిన చట్టం.

"కొంటారా? తోలు కాదు గానీ గట్టిది" అన్నాడు.
నాదని చెప్పడానికి నోరు రాలేదు.
ఊరికే చూస్తున్నానన్నాను.
జరిగి చోటిచ్చాడు.
"ఎడమ పక్క వద్దమ్మా, గుంట ఉంది.
ఎవరో ఏళ్ళ తరబడి
ఒక్కచోటే కూలబడ్డారు పాపం."

ఎవరో.
రాత్రి షిఫ్టు ట్రాం డిపోలో వదిలి వచ్చి
బూట్లు విప్పే ఓపిక లేక
కోటుతోనే కూలబడే ఎవరో.

వెళ్ళి ఆ గుంటలోనే కూర్చున్నాను.
కొలతలిచ్చి కుట్టించినట్టు పట్టింది.
అతను చూశాడు.
పొట్టు ఉమ్మాడు.
దీపం ఆర్పేశాడు.

చాలాసేపు గింజలు కొరుకుతూ ఉండిపోయాం.
పేరు దెజో అట. తూర్పున ఎక్కడో ఊరు.
భార్యకి మోకాళ్ళు, పొయ్యి ముందు నిలబడలేదు,
అక్కడ వేస్తాడట దీన్ని.
"కావాలంటే పట్టుకెళ్ళు" అన్నాడు చివరికి, రోడ్డు వైపు చూస్తూ.
"మోసే నడుం మాత్రం నాకు లేదు."

తలెత్తితే మూడో అంతస్తు కిటికీ.
నేల మీద పెట్టిన దీపానికి
వెండెల్ నీడ గోడంతా పరుచుకుంది,
పెళ్ళయిన కొత్తలో కూడా
అంత మనిషిగా కనపడలేదు.

వద్దన్నాను.
దిండు ఒక్కటి చాలు, ఎంత?
మూడొందల ఫోరింట్లన్నాడు.
రెండొందలకి తెగింది.
నా దిండు నేనే బేరమాడి కొనుక్కున్నాను.

ఆ రాత్రి వాన.
ఒకే దిండు మీద రెండు తలలు,
ఎవరి చెవి ఎవరికి తగులుతోందో తెలియలేదు.

తెల్లారి మొదటి ట్రాం నాదే.
వంతెన ఎక్కే చోట పాత వ్యానొకటి దాటిపోయింది.
నెత్తిన మా సోఫా, బోర్లా,
నాలుగు కాళ్ళూ మబ్బుల్లోకి.
అవసరం లేకపోయినా
గంట ఇంకోసారి కొట్టాను.
ముందు సీట్లో ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

ఇంకా ఇరవై రోజులు.