బ్లేడు మందం

కావలి నుంచి మేము,
చీమకుర్తి నుంచి వాళ్ళు.
నడిమధ్య సింగరాయకొండ.
ఆ ఊరి పేరు కోర్టు రాయలేదు,
బస్సు చార్జీలు లెక్కేసి మా అమ్మే తేల్చింది.

రెండో శనివారం పదకొండు గంటల ఎండలో
మన్నేరు వంతెన దాటుతుంటే
సంచిలో చెయ్యి పెట్టి చూసుకుంటాను,
ఉలవపాడులో కిటికీలోంచి కొన్న సపోటాలు
ఇంకా గట్టిగానే ఉండాయా అని.

వాడు ముందే దిగి ఉంటాడు,
సోడా బండి పక్కన నాన్న చెయ్యి వదిలేసి
వచ్చే ప్రతి బస్సు బోర్డూ పైకి చదువుతా.
ఈసారి చొక్కా కొత్తది.
ఎవరు కొన్నారని అమ్మ అడగదు.
కాలరు మాత్రం సరిచేస్తుంది.

నేను పెంచలమ్మ, వాడు మాల్యాద్రి.
ఆడపిల్లకి అమ్మ వాళ్ళ కొండ,
మగబిడ్డకి నాన్న వాళ్ళ కొండ అని
పెళ్ళినాడే అనుకున్నారంట.
రెండు కొండల మీదా ఉండేది ఒక్క నరసింహుడే.
పంచుకునే రోజొచ్చేసరికి
పేర్లు అప్పటికే పంచి ఉన్నాయి.
పని తేలికైంది.

కందుకూరు కోర్టులో
జడ్జిగారు కళ్ళద్దాలు తీసి మెల్లగా అడిగారు,
ఎవరి దగ్గర ఉంటావు నాయనా అని.
వాడికి అయిదేళ్ళు.
బల్ల అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి
"అక్క దగ్గర" అన్నాడు.

అందరూ నవ్వారు.
నాన్న కూడా. అమ్మ కూడా.
ఆ రోజు వాళ్ళిద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే.
మొన్న బీరువాలో కాయితం తీసి చదివాను,
అటూ ఇటూ తిప్పి.
ఆ మాట లేదు.

మాకుండేది నాలుగు గంటలు.
మొదటి గంట మాటలు రావు.
"యాడికిరా పోతావుండావు" అంటే
"ఎక్కడికి వెళ్తున్నావు అనాలక్కా" అని దిద్దుతాడు.
చిన్నమ్మది తెనాలి.

ఒకసారి, సపోటా గింజ ఉమ్మేసి
"అమ్మ మజ్జిగలో ఉప్పెయ్యదక్కా" అన్నాడు.
మా అమ్మ ఎప్పుడూ వేస్తుంది.
ఆ అమ్మ వేరని నాకు తట్టేసరికే
మా అమ్మకి తెలిసిపోయింది.
రొయ్యలు ఒలిచి ఒలిచి చిట్లిన వేళ్ళతో
వాడి తల దువ్వుతానే ఉంది,
తీసిన పాపిటే మళ్ళీ మళ్ళీ తీస్తా.

వచ్చినప్పుడల్లా నాకొక రాయి తెస్తాడు.
నాన్న ఫ్యాక్టరీలో పారేసే ముక్క,
నల్లటిది, లోపల బంగారు నలుసులు.
కిటికీ గూట్లో పంతొమ్మిది ఉండాయి.
వాడికి జ్వరమని, పరీక్షలని, చంటిపాప పేరు పెట్టడమని
రాని నెలలు పోగా.

మొన్న రెండు తెచ్చాడు.
"ఒకే రాయిని కోశారక్కా. జత చెయ్యి చూద్దాం."
బెంచీ మీద పెట్టి తిప్పి తిప్పి చూశాను.
ఒక చోట చుక్కకి చుక్క కలుస్తుంది,
ఆ పక్కనే తప్పిపోతుంది.

"కలవవు. బ్లేడు మందం ఉంటది గదా,
ఆ మేర రాయి పొడై నీళ్ళల్లో పోద్ది."
ఎనిమిదేళ్ళ వాడు, మేస్త్రీ మాదిరి చెప్పాడు.

ఆ పొడి ఏం చేస్తార్రా?

"ట్యాంకర్లో పోసి ఊరి బయట పారబోస్తారు.
ఆరినాక తెల్లగా ఉంటది.
నల్ల రాయేగాని, పొడి తెల్లగా ఉంటది.
ఎందుకో నాన్నకీ తెలీదు."

టీ కొట్టు దగ్గర నాన్న
ఖాళీ గ్లాసు పట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు.
బెంచీకి ఆ చివర అమ్మ.

ఒంగోలు బస్సు ముందొచ్చింది.
ఒక ముక్క వాడి జేబులో పెట్టబోయాను.
తీసి మళ్ళీ నా చేతిలో పెట్టి ఎక్కాడు.
బస్సు కదిలినాక కిటికీలోంచి అరిచాడు:
"రెండూ ఒక చోటే పెట్టుకో. విడిగా పెట్టబాక!"

పెట్టబాక.
తెనాలి మాట కాదది.

అమ్మ విన్నదో లేదో,
కొంగు ముడి విప్పి
చిల్లర లెక్కేసుకుంటా ఉంది.