పద్దు లేని తాడు

న్యాముంగాలో నేను లెక్కల మనిషిని.
పిండి సంచులు లెక్కపెట్టాను, టార్పాలిన్లు లెక్కపెట్టాను,
బుజీ నది మింగగా మిగిలిన తలుపుల్ని కూడా.
తాడు దగ్గర చెయ్యి ఆగింది.

కొబ్బరి పీచు తాడు. పద్దెనిమిది మీటర్లు.
ఒక కొస ఫెలిజార్దా గుమ్మానికి,
రెండో కొస, రాత్రిపూట,
పక్కింటి జెఫానియాస్ కాలి బొటనవేలికి.

ఆమెకు చూపు లేదు. అతనికి వినికిడి లేదు.
నా ఫారంలో రెండు గళ్ళు అలా నిండాయి.
మూడో గడి అడిగింది: పని చేయగలరా?
ఖాళీ వదిలేశాను.

తుఫానుకు మేం పంపే కబుర్లు రెండే.
పగలైతే స్తంభం మీద జెండా.
రాత్రయితే సైకిలు మీద మెగాఫోను.
జెండా ఎగిరితే అతను చూసి
వెళ్ళి ఆమె తలుపు మూడుసార్లు కొడతాడు.
మెగాఫోను అరిస్తే ఆమె విని తాడు లాగుతుంది.
ఎవరు నేర్పారు అంటే నవ్వింది.
"మీరు రాకముందు కూడా ఇక్కడ గాలి వీచేది కదా, అబ్బాయీ."

మార్చిలో ఆ రాత్రి
మొదటిసారి లాగితే కదల్లేదట.
రెండోసారీ అంతే.
గాలానికి పెద్ద చేప పడిందని అతనికి కల,
వదలకూడదని కాలు బిగించాడట.
చేతులతో అతను చెబుతుంటే
మాటల్లోకి మారుస్తున్న కూతురు
నవ్వాపుకోలేక మధ్యలో ఆగిపోయింది.

ఆశ్రయం బడిలో. నీళ్ళకు అందకూడదని
స్తంభాల మీద కట్టించాం.
బెర్నాబేకి కూడా అందలేదు.
అతని చక్రాల కుర్చీ కింది మెట్టు దగ్గర
తెల్లవారేదాకా తేలింది.
అతన్ని వీపున మోసింది జెఫానియాస్,
వెనక తాడు పట్టుకుని ఫెలిజార్దా, మెట్లు లెక్కపెడుతూ.
పద్నాలుగు, అని నాకు చెప్పింది ఆమే.
మా నక్షాలో పన్నెండు.

తర్వాత బెయిరాలో సమావేశం, హోటల్లో, మూడో అంతస్తు.
విషయం: అందరినీ కలుపుకుపోవడం.
లిఫ్టు చెడిపోయింది.
ఫెలిజార్దా పేరుతో కుర్చీ మీద చీటీ ఉంది.
బస్సు చార్జీకి పద్దు లేదు,
అందుకని చీటీ ఒక్కటే వచ్చింది.
దాని పక్కనే కూర్చున్నాను. జీడిపప్పు తిన్నాను.
చెప్పాలి కదా.

"ఏం కావాలో వాళ్ళనే అడగాలి," అన్నారెవరో. చప్పట్లు.

తిరిగొచ్చి అడిగాను.
ర్యాంపు, అన్నాడు బెర్నాబే వెంటనే,
ఏళ్ళుగా నోట్లో నానుతున్న మాట.
జెఫానియాస్ పిడికిలి పైకెత్తి వేళ్ళు విప్పాడు, మూశాడు, విప్పాడు:
రాత్రికి దీపం, స్తంభం మీద.
ఫెలిజార్దా తాడు తడుముతూ పోయి
పీచు రేగిన చోట ఆగింది.
"ఇక్కడ అరిగింది. నైలాన్ వద్దు, తడిస్తే జారుతుంది.
ఇంకో నాలుగు మీటర్లు కావాలి.
ఆ చివరింట్లోకి కొత్తగా ఒకామె వచ్చింది.
ఆమెకు ఏది లేదో ఇంకా తెలీదు.
ముందు తాడు వెయ్యనీ."

కాలమ్‌లన్నీ వెతికి
ఆఖరికి 'ఇతరములు' కింద రాశాను:
కొబ్బరి తాడు, ఇరవై రెండు మీటర్లు.
వేలిముద్రకు ఇంకు డబ్బా తెరిస్తే
"పెన్ను ఇవ్వు," అంది.
నా వేలు పట్టుకుని గడి ఎక్కడుందో కొలుచుకుంది.
పేరు పట్టలేదు.
గడి దాటి రాసింది.