ఇచ్చట జాబ్‌వర్క్ చేయబడును

కాశీబుగ్గ బస్టాండు ఎదురుసందులో
మా కొట్టు బోర్డు మీద 'చేయబడును'లో 'బ' రాలిపోయి
నాలుగేళ్లయింది.
జనం కలుపుకుని చదువుకుంటారు.

పదకొండేళ్లు దొంగతాళంతో తెరిచిన ఇంట్లో కూర్చుని
అర్జీలు కొట్టాను.
బరంపురం నుంచి ఎవరో తెచ్చిన సీడీ,
దాని మీద స్కెచ్‌పెన్నుతో ఇరవై అయిదు అక్షరాల తాళంచెవి.
తెర నెత్తిన ఎర్రపట్టీ:
ఈ ప్రతి అసలుది కాదేమో, అని.
రోజూ పొద్దున్నే ఆ మాట పడి
అగరొత్తి వెలిగించేదాన్ని.

తెలుగు కొట్టాలంటే మళ్లీ వేరే తాళం.
కంప్యూటరు వెనక చిటికెనవేలంత డాంగిల్.
అది ఊడిందా, మా అమ్మ భాష చిల్లపెంకులే:
'అయ్యా' అన్న చోట
డాలరు గుర్తూ రెండు కొక్కేలూ.
తిత్లీ తుఫాను నీళ్లలో పోయింది డాంగిల్.
కూలిన కొబ్బరిచెట్ల అర్జీలు మూడొందల పన్నెండు,
ఫైళ్లున్నాయి, అక్షరాల్లేవు.

మొన్న వేసవిలో విశాఖ నుంచి
టక్కు చేసుకున్న కుర్రాడొచ్చి ధర చెప్పాడు.
ఏడాదికోసారి కట్టాలట, శిస్తులాగా.
'కొనడం కాదా బాబూ?'
'అద్దె, మేడమ్.'
జెరాక్సు రెండు రూపాయలు, అర్జీ ముప్ఫై.
లెక్క నోటితోనే తేలిపోయింది.

మందస కొండల్లోంచి పాలిటెక్నిక్‌కొచ్చే సవర ఎస్తేరు
ప్రాజెక్టు బైండింగుకని వచ్చి
నా ఎర్రపట్టీ చూసి నవ్వింది.
మెళ్లో తాడుకి పెన్‌డ్రైవ్.
'అత్తా, అది వొగ్గీ. ఇది ఊరికే.'
ఊరికే వచ్చేదంటే నాకు భయం.
'ఎవులిది?'
'ఎవులిదీ కాదు. అందరిదీని.
ఇప్పి చూడొచ్చు, చిరిగితే కుట్టొచ్చు,
పక్కోలకి పెట్టొచ్చు.'
విత్తనాల సంగతి చెప్తున్నట్టే చెప్పింది.

మొదటివారం ఆ పిల్లని తిట్టుకున్నాను.
బొత్తాలన్నీ ఇల్లు మారిన పోపుడబ్బాలు.
ఎమ్మార్వో ఆఫీసు పట్టికలు నా దగ్గర కుంటాయి,
నా కాగితాలు అక్కడ జారాయి.
గుమస్తా ఫోను:
'ఏటమ్మా, సంతకం చోటు రెండో పేజీకి ఎలిపోనాది?'
పీడీఎఫ్ చేసి పంపడం నేర్చుకున్నాను.
ఊరికే అన్నారు గానీ
సులువని ఎవరన్నారు?

నిన్న సాయంత్రం దాలమ్మ వచ్చింది.
జీడిపిక్కలు ఒలిచి ఒలిచి
చమురుకి వేలిగీతలు చెరిగిపోయిన దాలమ్మ.
రేషను మిషను మూడు నెలలుగా
ఆమెని ఆమె కాదంటోంది.
ఈ ప్రతి అసలుది కాదేమో, అని.

'ఏమని రాయను?'
'నాను సచ్చిపోనేదు, ఉన్నానని రాయమ్మా.'
'బయోమెట్రిక్ ధ్రువీకరణ విఫలమైనందున' దాకా కొట్టి
చేతులు ఆగిపోయాయి.
చెరిపేసి ఆమె మాటే కొట్టాను.
'ఉన్నాను' తిన్నగానే ఉంది.
'నాను' కింద ఎర్ర అల.
'సచ్చిపోనేదు' కింద ఇంకా పొడుగు అల.

ఎస్తేరు చూపించిన చోట నొక్కాను:
నిఘంటువులో చేర్చు.
గీత పోయింది.
రెండోసారి నొక్కాను, అదీ పోయింది.
ఈ మాటల ఫైలు పైకి పంపితే
తయారుచేసేవాళ్లు చూసి కలుపుకుంటారట.
ఎస్తేరు తన సవర మాటలకి వేరే ఫైలు పెట్టుకుంది,
ఇప్పటికి నూట నలభై.
వాళ్లమ్మమ్మని అడిగి రాత్రుళ్లు ఎక్కిస్తోంది.

దాలమ్మ సంతకం చోట బొటనవేలు అద్దింది.
గీతల్లేని నల్ల మరక.
కాగితం ఏమీ అనలేదు.

పనవుతుందో లేదో నాకు తెలీదు.
ముప్ఫై ఇవ్వబోతే ఇరవై తీసుకున్నాను.
ఒక ప్రతి నా దగ్గర దాచాను.
ఈసారి ఏ గాలివాన వచ్చినా
అక్షరాలు అక్షరాల్లాగే ఉంటాయంది ఎస్తేరు.

చూడాలి.