నీళ్ళ తీర్మానం

మాకు బిషప్పు లేడు.
ఎక్కడో పట్నంలో కూర్చొని ఉత్తరం రాస్తే
వణికిపోవడానికి పైన ఇంకో ఆఫీసు లేదు.
రేకుల కప్పు, దాని పైన ఆకాశం, అంతే.
కప్పు కారితే మేమే చందా ఏస్తాం,
పాస్టరు తప్పితే మేమే అడుగుతాం.
ఎర్రగుంట్లలో బండల ఫ్యాక్టరీల ఎనకవీధిన
మొత్తం పందొమ్మిది చేతులు మా సంఘం.
లెక్క నాకు తెలుసు, మినిట్సు పుస్తకం రాసేది నేనే.

మార్చిలో ఒక ఆదివారం సుంకులమ్మ లేచి నిలబడింది.
డెబ్బై రెండేండ్లు. రాతిదుమ్ము తిన్న రొమ్ము.
"నేను నమ్మినా నాయనా, నన్ను ముంచు" అనింది.
పుట్టిన నలభయ్యో దినం పెద్ద గుడిలో
నెత్తిన మూడు చుక్కలు పడినాయంట ఆమెకు.
తీతు పాస్టరు తల అడ్డంగా ఊపినాడు:
"అవి నువ్వు అడిగిన చుక్కలు కాదవ్వా."

మా తొట్టి కడప బండలతో కట్టింది,
ఏడడుగుల పొడుగు, నడుం లోతు.
ఆ ఎండాకాలం దాంట్లో పిల్లి ఈనింది.
బోరు ఎండి రెండేండ్లు.
నాలుగు దినాలకొక టాంకరొస్తే
బిందెల కాడ అక్కాచెల్లెండ్రు జుట్లు పట్టుకుంటాండారు.
తొట్టి నిండాలంటే ఒక టాంకరు.

"చిలకరిస్తే సరిపోదా" అని ఎవురో గొణిగినారు.
"ముంచితేనే బాప్తిస్మం. పాతిపెట్టడమంటే
పిడికెడు మన్ను చల్లి ఎల్లిపోవడమా?" అన్నాడు పాస్టరు.
"మునగకుంటే పరలోకం రాదా సామీ?"
"నమ్మిన దినమే వచ్చింది. నీళ్ళు రక్షించవు."
"మరి తొందరేముంది?"
దానికి పాస్టరు కాడ జవాబు లేదు.
సుంకులమ్మే అనింది:
"తొందర ఆయనకు లేదు, నాకుండాది."

బుధవారం సంఘ కూటం.
టాంకరు కొనడమా, వద్దా.
పాస్టరుకూ ఒకే చెయ్యి, గుడి చిమ్మే మార్తమ్మకూ ఒకే చెయ్యి.
రెండు కోత మిషన్ల ఓనరు ఫిలేమోనుకూ ఒకటే,
ఆయన కాడ బండ మోసే యోవేలుకూ ఒకటే,
పొద్దున్నే ఆ రెండు చేతులకూ మళ్ళీ కూలి తేడా వచ్చినా.
సుంకులమ్మ వాకిట్లో కూర్చునింది.
మునగనిదే సభ్యురాలు కాదు,
సభ్యురాలు కానిదే చెయ్యి లేదు.
తన నీళ్ళ మీద మాట్లాడ్డానికి
తనకొక్కదానికే హక్కు లేదు ఆ పూట.

కావాలి: తొమ్మిది. వద్దు: పది.
పదోది నాది.
ఇంట్లో చంటిబిడ్డకు జొరం,
బిందెలో అడుగు కనపడతాండాది.
రాసినాను: "తీర్మానము వీగిపోయినది."
ఓడిపోయిన తన మాట కింద
తీతు పాస్టరు సంతకం పెట్టినాడు, కలం ఒత్తి.

సుంకులమ్మ కొంగు దులుపుకుని లేచింది.
"పాత గనిలో నీళ్ళుండాయి కదా.
ముప్పై ఏండ్లు ఆ దారిన నెత్తిన బండ మోసినా,
నా కాళ్ళకు చీకట్లో కూడా తెలుసు."

దిగడానికి గంట. నాలుగు తావుల ఆగింది.
పచ్చటి నీళ్ళు, ఉలిగాట్ల గోడలు,
పైన పలకంత ఆకాశం.
యోవేలు ఒక పక్క, ఫిలేమోను ఒక పక్క పట్టుకున్నారు.
పాస్టరు ముంచితే మోచెయ్యి తేలింది.
మళ్ళీ ముంచినాడు. మోచెయ్యి కూడా నమ్మాల కదా.
పైకొచ్చి దగ్గింది, దగ్గి దగ్గి నవ్వింది.
ఆ దగ్గు గోడలకు తగిలి
పది మంది ముసలమ్మల దగ్గై తిరిగొచ్చింది.

వచ్చే నెల కూటం.
చాపలు తీసేసి ప్లాస్టిక్ కుర్చీలు కొనాలని.
పాస్టరుకు శానా ఇష్టమైన తీర్మానం.
"కావాలనేవాళ్ళు?"
గబగబా లేచినాయి, అంకె ఏసుకున్నాను.
"వద్దనేవాళ్ళు?"
అందరికంటే కుర్చీ అవసరమైన మోకాళ్ళ మీదుగా
ఇరవయ్యో చెయ్యి లేచింది,
బండ అంచులు కోసిన గీతలతో.
"ఆ దుడ్లకు ఒక టాంకరొస్తాది" అనింది.
"ముంచడానికి కాదప్పా. తాగడానికి."

పాస్టరు నా పక్క చూసినాడు.
ఎత్తిన చేతులు కొన్ని దిగుతాండాయి.
నేను ఏసిన అంకె కొట్టేసి
మొదటి వరస నుంచి మళ్ళీ లెక్కపెట్టినాను.