కోత

"ఏందక్కా, ఆరువేలు తగ్గినయ్?"
సందాని అడిగినప్పుడు
ఆఫీసు వెనక రంపం బండను పలకలు చేస్తోంది.
ఆ రొదలో నా జవాబు నాకే వినపడలేదు.

చీమకుర్తి రాయి ఎండలో ఉత్త నలుపు.
తడిపితే లోపలి రవ్వలు పైకొస్తాయి.
ఆ కిటుకు పట్టుకున్నాడు సందాని.
ఒక బకెట్టు, ఒక గోనెపట్టా, ఆరున్నర ఎండ,
పదకొండు రోజులు, మూడొందల పన్నెండు పలకలు.
బిల్లు మాత్రం నోటుబుక్కు చింపిన కాగితం మీద:
అక్షరాలా అరవై వేలు.
కింద సంతకం. దాని కింద, "అందరికీ థాంక్స్".

మాలకొండయ్య సారుకు
పన్ను మాటెత్తితే పన్ను సలుపుతుంది.
"వాడు మన స్టాఫ్ కాదుగా అమ్మా,
పీఎఫ్ లేదు, ఏం లేదు, ఇచ్చి పంపెయ్."
స్టాఫ్ కాదు గనకే సార్, ఇది ఉంది, అన్నాను.

ఒంగోలు ఆడిటరుకి ఫోన్ చేశాను.
కూలీయా, కాంట్రాక్టరా, నిపుణుడా?
మనిషెవరో తేలితేగాని
ఎంత కొయ్యాలో తేలదట:
ఒకటా, రెండా, పదా.
వాళ్ల నాయన మీరావలి
ఈ క్వారీలోనే ఇరవై రెండేళ్లు డ్రిల్లు పట్టాడు.
నువ్వెవరని ఏ కాగితమూ అడగలేదు.
చివర్లో ఎక్స్‌రే ఒక్కటే అడిగింది.

"పది. వృత్తి నిపుణుడని రాయండి" అన్నాడు ఆడిటరు.
రాశాను.
ఆ మాట దగ్గర చెయ్యి కాస్త నిదానించింది.

రాయి కోస్తే రంపం మందమంత పిండి పోతుంది.
రామతీర్థం దారెంట బూడిదలా ఎగిరే ఆ పిండి
ఎవరి పేరా జమకాదు.
ఇది అట్టా కాదబ్బయా, నీ పేరునే ఉంటుంది,
వచ్చే ఏడు లెక్క చూపిస్తే తేలుతుంది
అని చెప్తే
తలూపాడు, నమ్మకుండా.

ఏడో తేదీ దాకా నా దగ్గరున్నది పరాయి సొమ్ము.
అయిదున డీజిల్ ట్యాంకరొచ్చింది.
"ఆ ఆరువేలుందిగా, సర్దు" అన్నారు సారు.
రంపం మోతకి వినపడనట్టు కూచున్నాను.
ఆరున చలానా కట్టాను.

ఇంతా చేసి, తప్పు నాదే.
రిటర్నులో అతని పాన్ నెంబరు కొడుతూ
ఎన్ బదులు ఎమ్ కొట్టాను.
ఆరువేలు వెళ్లి
ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి పేర కూచున్నాయి.
సందాని ఫోన్లో తన లెక్క తెరిచి చూపించాడు: సున్నా.
"నువ్వు తినలేదని తెలుసక్కా.
మరి ఎవరు తిన్నట్టు?"

ఆ రాత్రి అన్నం సయించలేదు.
సవరణ వేశాను. పద్దెనిమిది రోజులు
పొద్దున్నే దాన్నే తెరిచి చూడటం.

సర్టిఫికెట్ వచ్చింది.
షేక్ సందాని బాషా, అచ్చులో,
మా కంపెనీ పేరు పైన, అతని పేరు కింద.
వేలితో మెల్లగా తుడిచి చూశాడు,
పలక మీద తడి తుడిచినట్టు.

"ఇంకోటి తీస్తావా అక్కా? నాయన చూస్తాడు."
నాయనకి చదువు రాదుగా?
"చూస్తాడు."

ప్రింటర్లో సిరా అడుగంటింది.
రెండోది కాస్త పలచగా వచ్చింది.