మూడో పేజీ అడుగున

తోర్స్‌హావ్న్‌లో వాన
ఏ వైపు నుంచి కురవాలో ఇంకా తేల్చుకోలేదు.
వకీలుగారి ఫెర్రీ రాలేదు.
ఆఫీసులో నేనొక్కదాన్నే,
తెర మీద పేరులేని బూడిదరంగు కర్సర్ని.

పంపకాల ఒప్పందం.
పొత్తు విడిపోవడానికీ ఒక పొత్తం కావాలి కదా.
ఇద్దరూ ఒకేసారి తెరిచారు:
రేవు పక్క వీధిలో బైంటా,
సముద్రం కింది సొరంగానికి అవతల, క్లాక్స్‌విక్‌లో హొగ్ని.
పద్నాలుగు గొర్రెలు. పడవలో సగం.
గాలికి మాంసం ఆరేసే చెక్క కొట్టు.
పిడి ఊగే కాఫీ కెటిల్,
'హొగ్నికే చెందును, అతని తల్లి ఇచ్చినది గనుక' అని
దానికొక్కదానికే రెండు వరుసలు.

"మూడో పేజీ అడుగున చూడు" అన్నాడతను ఫోన్లో.
"నాకు మూడో పేజీ లేదు" అంది.
"అడుగూ లేదు."

ఎగతాళి అనుకున్నాడు పాపం.
మధ్యలో నేను దూరి చెప్పాల్సి వచ్చింది:
అయ్యా, మీది అచ్చు చూపు,
ఆమెది పేజీల్లేని చూపు,
రాత ఒకటే.
చేపల ఫ్యాక్టరీలో పెట్టెలు లెక్కపెట్టే మనిషికి
ప్రతిదానికీ నాలుగు అంచులుండాలి, నెంబరుండాలి.
ఆమె మాత్రం ఉండలోంచి ఊలు లాగినట్టు
కిందికి, ఇంకా కిందికి లాక్కుంటూ పోతుంది.

చివర సంతకాల గీతలు.
ఆమె తెర మీద
బైంటా, ఆ కిందే హొగ్ని,
బస్సులో ఒకే సీట్లో సర్దుకున్నట్టు.
అతని తెర మీద
మూడో పేజీ అట్టడుగున ఆమె పేరు,
తర్వాత బొటనవేలంత బూడిదరంగు జలసంధి,
నాలుగో పేజీ నెత్తిన ఒంటరిగా అతని పేరు,
కింద అంతా తెలుపు.

చెప్పకూడదు గానీ,
ఆ బొత్తాన్ని నేను చాలాసార్లు నొక్కాను.
దగ్గర. దూరం. దగ్గర.
ఒక్క కామా కూడా కదల్లేదు.
టీ చల్లారిపోయింది.

వకీలుగారు ఫోన్ చేశారు: ప్రింట్ తీసి ఉంచు.
ప్రింటర్‌కి ఒకటే చూపు, తెలుసుగా.
నేను లేచేలోగా
ఆకుపచ్చ కర్సర్, అతనిది,
మెల్లగా పైకెక్కింది.
గొర్రెల్ని దాటి, పడవ దాటి,
కెటిల్ దగ్గర ఆగింది.
చాలాసేపు మిణుకుమంది.
తర్వాత ఒక్కో అక్షరాన్నీ వెనకనుంచి తినేసింది,
'గనుక' మొదలు 'కెటిల్' దాకా,
ఆపైన 'బైంటాకు కెటిల్' అని రెండే మాటలు.

ఒక వరుస తగ్గింది.
అతని పేరు జలసంధి దాటి
మూడో పేజీలోకి ఎక్కి
ఆమె పేరు కింద కూర్చుంది.

ఆమెకిది కనిపించదు.
ఆమె తెర మీద ఆ పేర్లెప్పుడూ అక్కడే ఉన్నాయి.
పోయింది కెటిల్ మాటే.
"ఎందుకు?" అని పక్కన రాసింది.
"చోటు చాల్లేదు" అని రాశాడు.

మూడు కాగితాలు వచ్చాయి, వెచ్చగా.
నాలుగోదాన్ని
ట్రేలోనే ఉండనిచ్చాను.