మొలక శాతం

పట్నంబజారులో విత్తనాల కొట్టు నాది.
పొట్లం వెనక చిన్నక్షరాలు చదివి చెబుతాను రైతులకు:
మొలక శాతం, లాట్ నంబరు, గడువు తేదీ.
మొలవలేదని ఖాళీ పొట్లంతో వచ్చినవాడికి
అలవాటైన మాట ఒకటుంది నా దగ్గర:
"విత్తనం మంచిదే బాబాయ్, నీ చేలోనే ఏదో ఉంది."

ఆరేళ్లు మా ఇంట్లోనూ అదే మాట చెల్లింది.
కోటేశ్వరికి ట్యూబుల ఎక్స్‌రే తీసిన సాయంత్రం
బ్రాడీపేటలో ఆటో గుంతలో పడ్డప్పుడల్లా
కడుపు పట్టుకుంది, నా చెయ్యి పట్టుకోలేదు.
పెద్దమ్మ మంగళవారం మంగళవారం కషాయం తెచ్చేది.
తాగేది.
అన్నీ బాగున్నాయని రాసిన రిపోర్టులు
బీరువాలో చీరల కింద దాచేసింది,
అవి ఎవరి వైపు వేలు చూపిస్తాయో
నాకంటే ముందే తెలిసి.

ఏడో ఏడు, కొత్తపేటలో
ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి గది చూపించారు నాకు.
మర్నాడు కాగితం మీద ఒకటే అంకె, సున్నా.
మళ్లీ చేశారు. మళ్లీ అదే.
సున్నాకు శాతం కట్టలేం.

"ఆవిడకి ముప్పై ఒకటే, అండం చక్కగా ఎదుగుతోంది,
దాత కణాలతో ప్రయత్నిద్దాం.
ఒక్కసారికే అవుతుందని మాత్రం చెప్పను" అంది డాక్టరమ్మ.
ఫారంలో నా రంగు, నా ఎత్తు, నా రక్తం గ్రూపు,
ఇంకొకడిలో వెతకడానికి నా పోలికల జాబితా.
సంతకం దగ్గర చెయ్యి ఆగింది.
సిరా అయిపోయిందనుకుని నర్సు ఇంకో పెన్ను ఇచ్చింది.

మొదటిసారి గురి తప్పింది.
రెండోసారీ తప్పింది.
మూడోసారి, నెల తప్పింది.

పేరు తెలియని అబ్బాయీ,
ఏ హాస్టల్లో నీళ్లపప్పుని తిట్టుకుంటున్నావో,
నాకు చెప్పరు, నా సంగతి నీకూ చెప్పరు.
నిన్ను తలుచుకుని పళ్లు కొరికిన రాత్రులున్నాయి.
దాచను.
నిన్న స్కానింగ్ గదిలో
టకటకా టకటకా, ఎవరో తలుపు కొడుతున్నట్టు.
కోటేశ్వరి నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేలా,
ఆరేళ్లదీ కలిపి.
ఆ కాసేపూ నువ్వు గుర్తు రాలేదు.

"చూశారా నా కషాయం!" అంది పెద్దమ్మ.
ఔనన్నాం ఇద్దరం.

ఇవాళ ఫిరంగిపురం నుంచి ఒకాయన వచ్చాడు,
మిరపనారు మొలవలేదని.
అలవాటైన మాట నోటిదాకా వచ్చింది.
కూర్చోమని మంచినీళ్లిచ్చి
అదే లాట్ పొట్లం ఇంకోటి చింపాను.
తడిగుడ్డ పరిచి
గింజలు లెక్కపెడుతున్నాను, ఒకటీ, రెండూ...